నస్కల్ పన్ను వయసెంత?

1860లో లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. దక్కను నల్లరాతి పొరల మధ్య దొరికే నత్తగుల్లల గురించి రాసిన వ్యాసం అది. ఆ పొరలు టెర్షియరీ కాలానివని శీర్షికలోనే ఉంది. టెర్షియరీ అంటే డైనోసార్లు పోయిన తరువాతి కాలం. 1988లో ‘నేచర్’ పత్రికలో ఇంకో వ్యాసం వచ్చింది. అది కూడా నల్లరాతి మధ్య పొర గురించే. ఇప్పటి వికారాబాద్ జిల్లాలోని నస్కల్ దగ్గర దొరికిన చిన్న చిన్న పళ్ల మీద రాసింది. భారతదేశంలో దొరికిన మొదటి క్రెటేషియస్ క్షీరదం ఇదని దాని శీర్షిక చెబుతుంది. క్రెటేషియస్ అంటే డైనోసార్లు ఇంకా తిరుగుతున్న కాలం. పొర రకం ఒకటే, చెప్పిన కాలాలు రెండు. ఏది నిలుస్తుందో చూడాలని ఒక శని, ఆదివారాలు కారులో గుడారం పెట్టుకుని బయలుదేరాం. కాగితాల తవ్వకం అంతకు ముందే మొదలైంది, ఆ తరువాత కూడా సాగింది.

బయలుదేరింది చిరాగ్‌పల్లి నుంచి. జహీరాబాద్ దాటాక ముంబై రోడ్డు మీద కర్ణాటక సరిహద్దు తగిలే చోట ఉంది ఈ ఊరు. లారీలు నడిపేవాళ్లకు చెక్‌పోస్టుగా తెలుసు. ఈ చుట్టుపక్కల నేల ఎర్రన. తవ్విన చోట ఎర్రరాయి బయటపడుతుంది. ఆ రాయి నిండా వేలు దూరేంత గొట్టాలు, మెలికలు తిరిగిన బొరియలు కనిపిస్తాయి. పురుగులు తొలిచిన బొరియలని కొందరు, రాయిగా మారిన చెట్ల వేర్లని కొందరు అంటారు. మొదట పరీక్షించింది దీన్నే. పురుగు తొలిచిన బొరియ వెడల్పు మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వేరు కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఇక్కడి గొట్టాలకు ఆ రెండు లక్షణాలూ లేవు. ఒకదానిలో ఒకటి కలుస్తాయి, ఉబ్బుతాయి, సన్నబడతాయి, మళ్లీ విడిపోతాయి. ఇది లాటరైట్. నల్లరాయి వానకూ వేడికీ చాలా కాలం శిథిలమై, అందులోని సిలికా కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలితే ఏర్పడే రాయి. మెత్తటి బంకమన్ను నీటితో జారిపోయిన దారులే ఆ గొట్టాలు. పక్కనే ఉన్న బీదర్ కోట కందకాన్ని ఈ రాతిలోనే తొలిచారు. ఇందులో పురుగూ లేదు, వేరూ లేదు. చిరాగ్‌పల్లి ఎర్రరాయిని లెక్కలోంచి తీసేశాం.

తీసేసినా అది ఒక సంగతి చెప్పి పంపింది. నల్లరాయి గడ్డకట్టిన లావాయే, లాటరైట్ దాని నెత్తిన ఏర్పడే పొర. అంటే ఇక్కడ మనం మెట్ల వరసలో పై మెట్టు మీద నిలబడి ఉన్నాం. మనం వెతికే పొర కింద, ఒక లావా పరుపుకూ ఇంకో లావా పరుపుకూ మధ్య ఉండాలి. దాన్ని చూడాలంటే కొండవాలు కోసుకుపోయిన చోటికి వెళ్లాలి. పడమటి కనుమల్లో దాదాపు రెండు కిలోమీటర్ల మందం ఉన్న ఈ లావా తూర్పుకు వచ్చేకొద్దీ పలచబడుతూ వికారాబాద్ ప్రాంతంలో అంచుకు చేరుతుంది. చేవెళ్ల వైపు దిగితే గ్రానైటు మొదలవుతుంది. పరుపులు పలచగా ఉన్న అంచులో మధ్య పొరలు నడిచి వెళ్లే ఎత్తులోనే బయటపడతాయి. అందుకే వికారాబాద్.

తరువాత చిరునామా చిక్కు. పాత వ్యాసాల్లో ఈ ప్రాంతపు పొరలు ఒకచోట హైదరాబాద్ జిల్లాలో ఉన్నాయి, ఇంకోచోట ఆంధ్రప్రదేశ్, రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి, ఇటీవలి వాటిలో తెలంగాణలో ఉన్నాయి. ఇవి వేరు వేరు చోట్లు కావు. రంగారెడ్డి జిల్లా 1978లో హైదరాబాద్ జిల్లా నుంచి విడిపోయింది. తెలంగాణ రాష్ట్రం 2014లో ఏర్పడింది. 2016లో జిల్లాలు మళ్లీ విడగొట్టినప్పుడు పరిగి, వికారాబాద్ ప్రాంతం వికారాబాద్ జిల్లా అయింది. నస్కల్ కదలలేదు, దాని మీది పేర్లు మారాయి. వ్యాసం అచ్చయిన సంవత్సరం చూసి జిల్లా పేరు చదువుకోవాలి.

రంగాపూర్ సంగతి అంత తేలిక కాదు. నస్కల్‌తో పాటు క్షీరదాల పళ్లు దొరికిన చోటుగా రంగాపూర్ పేరు 2003 నాటి వ్యాసంలో ఉంది. సహ్నిథీరియం రంగాపురెన్సిస్ అని ఒక జీవికి ఆ ఊరి పేరే పెట్టారు. పాత రంగారెడ్డి జిల్లాలో రంగాపూర్ అనగానే చాలామందికి తట్టేది జాపాల–రంగాపూర్ వేధశాల. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. అదే ఊరు అనుకుని వెళితే తప్పుదారే. జాపాల దగ్గర ఉన్నది గ్రానైటు. లావా లేని చోట లావా పరుపుల మధ్య పొర ఉండదు. వ్యాసం చెప్పే రంగాపూర్ జిల్లాకు పడమటి కొసన, పరిగి వైపు నల్లరాతి నేలలో ఉన్నది. పటంలో పేరు కన్నా కింద ఉన్న రాయి నమ్మదగిన సాక్షి.

జహీరాబాద్ నుంచి కోహీర్, మర్పల్లి మీదుగా వికారాబాద్ చేరాం. కోహీర్‌లో జామపళ్లు కొనకుండా ఆ దారిన పోకూడదు. అనంతగిరి రక్షిత అడవి, అందులో ఎక్కడపడితే అక్కడ గుడారం వేయకూడదు. అందుకని కొండ కింద ఒక రైతును అడిగి, ఆయన కందిచేను గట్టు మీద కారు ఆపి పక్కనే గుడారం వేసుకున్నాం.

మా పని తెలుసుకున్న రైతు వాగు ఒడ్డుకు తీసుకెళ్లి చూపించాడు. ‘‘సారూ, గివి రాకాసిగుడ్లని మా తాత చెప్పెటోడు. తడితె ఉల్లిగడ్డ లెక్క పొరలు పొరలు లేస్తది’’ అన్నాడు. గట్టులో ఇరుక్కుని గుండ్రటి రాళ్లు వరసగా ఉన్నాయి. నిజంగానే గుడ్ల గూడులా ఉన్నాయి. నర్మద లోయలో డైనోసార్ గుడ్లు దొరికాయి కాబట్టి దీన్ని నవ్వి కొట్టిపారేయడానికి లేదు. ‘‘ఒకటి పగలగొట్టి చూడొచ్చా అన్నా?’’ అని అడిగి, విడిగా పడి ఉన్నదాన్ని తీసుకున్నాం. గుడ్డుకు పెంకు ఒకటే ఉంటుంది. ఆ పెంకు సున్నంతో కట్టింది, పుల్లటి ద్రావకం పోస్తే బుడగలు రావాలి. ఈ రాయికి పొర కింద పొర, దాని కింద ఇంకో పొర. నిమ్మరసం పిండితే బుడగలు రాలేదు. లోపల గట్టి నల్లరాయి. లావా చల్లబడినప్పుడు పడిన పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు ముందుగా శిథిలమై, దిమ్మె గుండ్రమవుతుంది. నల్లరాతి నేలలో ఇలాంటివి ఎక్కడైనా ఉంటాయి. రైతుకు అలాగే చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, అయితే మా తాత చెప్పింది అబద్ధమా అని అడిగాడు. చూసింది నిజమే, పెట్టిన పేరే వేరు అన్నాం.

ఆయన ఇంటి అరుగు మీద ఇంకో ఆధారం లాంటిది ఉంది. తాండూరు బండల మీద నల్లటి ఆకుల అచ్చులు. ఫెర్న్ మొక్క కొమ్మల్లా ఉంటాయి, పుస్తకంలో బొమ్మంత స్పష్టంగా. వీటిని శిలాజాలని అమ్మేవాళ్లూ ఉన్నారు. బండ అంచు నుంచి చూస్తే ఆ ఆకు పగులు వెంట మాత్రమే పాకి ఉంది, మధ్య ఈనె లేదు. మాంగనీసు కలిసిన నీరు పగుళ్లలోకి ఇంకి వేసిన బొమ్మ అది. పైగా తాండూరు సున్నపురాయి భూమి మీద మొక్కలే లేని కాలం నాటిది. దీన్నీ పక్కన పెట్టాం.

ఆదివారం పొద్దున్నే కొండ ఎక్కాం. అనంతగిరిని మూసీ పుట్టిన చోటుగా, అనంతపద్మనాభస్వామి గుడిగా అందరికీ తెలుసు. మేం చూడదలచింది వాలు. లావా ప్రాంతపు కొండ నున్నగా లేవదు, మెట్లు మెట్లుగా లేస్తుంది. ఒక్కో మెట్టు ఒక్కో లావా పరుపు. పరుపు అడుగు గట్టిగా, నల్లగా ఉంటుంది. పై భాగం నిండా రంధ్రాలు, వాటిలో తెల్లటి జియొలైటు స్ఫటికాలు. లావాలోని వాయువులు పైకి తేలి, అక్కడ చిక్కుకుపోయాయని అర్థం. కొన్నిచోట్ల రెండు పరుపుల మధ్య ఇటుకరంగు మట్టి పొర ఉంటుంది. ఒక పరుపు గడ్డకట్టి, దాని నెత్తిన మట్టి ఏర్పడే దాకా తీరికగా పడి ఉండి, ఆ తరువాత ఇంకో పరుపు దాని మీదికి వచ్చి కాల్చింది. అంటే లావా ఆగకుండా పారలేదు. నడుమ విరామాలు ఉన్నాయి. ఆ విరామాల్లో పల్లాల్లో నీరు నిలిచి చెరువులయ్యాయి. చెరువు అడుగున పడిన ఒండ్రు, నత్తలు, చేపల ముళ్లు తరువాతి పరుపు కింద మూసుకుపోయాయి. మనం వెతికేది ఆ ఒండ్రునే. శాస్త్రవేత్తలు దాన్ని ఇంటర్‌ట్రాపియన్ పొర అంటారు. పొర ఎలా ఏర్పడిందన్న ప్రశ్న ఒకటి తేలింది. ఇక మిగిలింది ఆ విరామం ఎప్పటిదన్నది.

నస్కల్ వైపు ఒక చేను గట్టున, ఏరి పోసిన రాళ్ల కుప్పలో గట్టి చెకుముకిరాయి ముక్క దొరికింది. అందులో నత్తగుల్ల స్పష్టంగా ఉంది. మొన పైకి, నోరు మనవైపు పెట్టి పట్టుకుంటే నోరు ఎడమవైపు వచ్చింది. నత్తల్లో ఎక్కువ వాటికి నోరు కుడివైపు ఉంటుంది. ఎడమవైపు ఉండడం ఫైసా జాతికి గుర్తు. ఇది నిజమైన శిలాజమే. కాని సాక్ష్యంగా పనికిరాదు. రైతు ఏరి పోసిన కుప్పలోని రాయి ఏ పొర నుంచి వచ్చిందో చెప్పే దారి లేదు. ఫొటో తీసుకుని అక్కడే పెట్టేశాం.

ఈ నత్తకు కాగితాల్లో పెద్ద చరిత్ర ఉంది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన మాల్కంసన్ హైదరాబాద్–నాగపూర్ పాత దారిలో, ఇప్పటి నిర్మల్ కొండల ప్రాంతంలో ఈ గుల్లలను చూసి 1837లో లండన్ సొసైటీకి నివేదించారు. ఆ వ్యాసం 1840లో అచ్చయింది. నత్తకు ఫైసా ప్రిన్సెపీ అన్న పేరు అందులోనే పడింది. మంచినీటి జీవి అన్నంతవరకు ఆనాటి నుంచి ఈనాటి దాకా భేదాభిప్రాయం లేదు. సముద్రం అడుగున కాదు, నేల మీద లావా పారిందని దీనితో తేలింది.

కాలం మాట 1860 వ్యాసంలో వచ్చింది. రాసింది నాగపూర్‌లో పనిచేసిన మిషనరీ హిస్లాప్. నాగపూర్ చుట్టూ దొరికిన గుల్లలు, రాజమండ్రి దగ్గరి గుల్లలు రెంటినీ ఆ వ్యాసంలో వర్ణించారు. ఐరోపాలోని టెర్షియరీ నత్తలతో పోల్చి కాలాన్ని నిర్ణయించారు. పోలిక సరైనదే కావచ్చు. నత్త జాతులు చాలాకాలం మారకుండా బతుకుతాయి, అదే చిక్కు. ఫైసా లాంటి గుల్ల ఆ కాలానికి ముందూ ఉంది, తరువాతా ఉంది. రెండు వైపులా దొరికే జీవి, ఆ రెండు కాలాలను విడదీసే గీతకు ఏ వైపున ఉన్నామో చెప్పలేదు. హిస్లాప్ 1863లో నాగపూర్ దగ్గర వాగు దాటుతూ మునిగి చనిపోయారు. ఆయన తన నిర్ణయాన్ని తరువాత మార్చుకునేవారా అన్నది అడగకూడని ప్రశ్న. కాగితం మీద ఉన్నదే మన లెక్క.

1879లో వెలువడిన భారత భూవిజ్ఞాన గ్రంథం ఇంకో తీర్పు ఇచ్చింది. లావాను అది క్రెటేషియస్‌లో పెట్టింది. దాని వాదం శిలాజాల మీద కాక పొరల వరస మీద నిలిచింది. నర్మద వైపు లావా కింద క్రెటేషియస్ సముద్రపు పొరలు ఉన్నాయి. సూరత్, భరూచ్ వైపు కోతపడిన లావా మీద టెర్షియరీ సముద్రపు పొరలు ఉన్నాయి. కాబట్టి లావా ఆ రెంటికీ నడుమది. ఈ వాదంలో లోపం కనిపించదు. అయితే నడుమ అన్న మాటలో చాలా కాలం పడుతుంది. గీత ఆ నడుమలోనే ఎక్కడో ఉంది.

1934లో బీర్బల్ సాహ్ని ఈ ప్రశ్నను సూటిగా శీర్షికగానే పెట్టి ‘కరెంట్ సైన్స్’లో వ్యాసం రాశారు: దక్కను లావా క్రెటేషియసా, టెర్షియరీయా అని. 1940లో మద్రాసులో జరిగిన సైన్స్ కాంగ్రెస్ అధ్యక్షోపన్యాసంలో టెర్షియరీ అని గట్టిగా చెప్పారు. ఆయన ఆధారాలు మొక్కలు. తాటి జాతి కాండాలు, నీపా కాయలు, అజోల్లా. మన వరిమడుల్లో ఎరువుగా వేసే అజోల్లాకు బంధువు అది. రాజమండ్రి దగ్గరి పొరల్లో దొరికిన కేరా నాచు బీజకోశాలు, సూక్ష్మ సముద్రజీవుల గుల్లలు కూడా అదే పదేళ్లలో అదే వైపు మొగ్గాయి. ఇంత పెద్ద ఆధారాల మోపు ఎలా వీగిపోయింది? మొక్కలను గుర్తించడంలో తప్పు జరగలేదు. ఆ మొక్కలు టెర్షియరీలోనే మొదలయ్యాయన్న నమ్మకం నిలవలేదు. తాటి జాతులు, అజోల్లా క్రెటేషియస్ పొరల్లో కూడా తరువాత దొరికాయి. నత్త విషయంలో జరిగిందే ఇక్కడా జరిగింది.

రాతినే వయసు అడగవచ్చు కదా అన్నది తరువాతి మెట్టు. 1970లలో పొటాషియం–ఆర్గాన్ పద్ధతిలో లెక్కలు వచ్చాయి. అవి చిక్కును విప్పలేదు, పెంచాయి. కొన్ని రాళ్లు పది కోట్ల ఏళ్లన్నాయి, కొన్ని మూడు కోట్లన్నాయి. అన్ని కోట్ల ఏళ్లు లావా పారిందని కొందరు దీన్ని చదివారు. అలా చదవడానికి వీల్లేదు. రాయి శిథిలమైతే అందులోని ఆర్గాన్ వాయువు తప్పించుకుంటుంది, లెక్క తక్కువ చూపిస్తుంది. బయటి ఆర్గాన్ చిక్కుకుంటే ఎక్కువ చూపిస్తుంది. చిరాగ్‌పల్లిలో చూసిన ఎర్రరాయి ఈ శిథిలతకు చివరి దశ. గట్టిగా కనిపించే నల్లరాయిలో కూడా అది మొదలై ఉండవచ్చు. ఆ అంకెల చెదురును రాతి ఆరోగ్యం లెక్కగా చదవాలి, లావా పారిన కాలం లెక్కగా కాదు.

అయస్కాంతం మాటకు ఈ లోపం లేదు. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి భూ అయస్కాంత దిశను పట్టుకుంటాయి. భూమి అయస్కాంత ధ్రువాలు కొన్ని లక్షల ఏళ్లకోసారి తారుమారవుతాయి. కోట్ల ఏళ్లు లావా పారి ఉంటే ఎన్నో తారుమార్లు పరుపుల్లో కనిపించాలి. కనుమల్లో కనిపించినవి చాలా తక్కువ. లావాలో ఎక్కువ భాగం ఒకే తలకిందుల కాలంలో, 29ఆర్ అని గుర్తు పెట్టిన దానిలో పడింది. 1986లో వచ్చిన వ్యాసం ఈ సంగతి చెప్పి, లావా క్రెటేషియస్–టెర్షియరీ గీత మీదే పారిందా అని అడిగింది. 1988లో మెరుగైన ఆర్గాన్ పద్ధతితో వచ్చిన లెక్కలు అదే చోటుకు చేరాయి. తరువాత జిర్కాన్ స్ఫటికాల మీద చేసిన లెక్కలు లావాలో అత్యధిక భాగాన్ని సుమారు 6.63 కోట్ల ఏళ్ల నుంచి 6.56 కోట్ల ఏళ్ల మధ్యకు కుదించాయి. గీత 6.6 కోట్ల దగ్గర ఉంది. అంటే గీత లావాకు పైనా లేదు, కిందా లేదు. లావా మధ్యలోంచి పోతుంది.

ఇక్కడ ప్రశ్న రూపమే మారిపోయింది. లావా క్రెటేషియసా టెర్షియరీయా అని అడిగితే జవాబు లేదు. ఫలానా ఊరి పొర గీతకు కిందిదా పైదా అని అడగాలి. కాబట్టి నస్కల్‌ను విడిగా చూడాలి.

నస్కల్ పొరను చూసిన వాళ్లకు మొదట నిరాశే. కంటికి ఎముకా పన్నూ కనిపించవు. అక్కడ పని జరిగిన తీరు వేరు. ఒండ్రురాతిని మోసుకెళ్లి, ఆరబెట్టి, నానబెట్టి, సన్నటి జల్లెళ్లలో కడిగి, మిగిలిన ఇసుకను సూక్ష్మదర్శిని కింద ఒక్కో రేణువు చొప్పున ఏరాలి. అలా దొరికినవే డెక్కనొలెస్టెస్ హిస్లాపీ పళ్లు. ఒక్కో పన్ను ఒకటి రెండు మిల్లీమీటర్లు. చుంచెలుక పాటి జీవి. దానికి పెట్టిన పేరులో దక్కనూ ఉంది, హిస్లాపూ ఉన్నారు. 1994లో అదే పొర నుంచి వచ్చిన మడమ ఎముకలను వర్ణించారు. వాటి కీళ్లు చెట్టెక్కే జీవి కీళ్లలా ఉన్నాయి. లావా విరామాల్లో చెరువు ఒడ్డున చెట్లు, చెట్ల మీద చిన్న క్షీరదాలు ఉండేవని ఆ ఎముకలు చెబుతాయి. నీటిపాము ఇండోఫిస్ కూడా ఇక్కడిదే.

ఇదే పొరకు ఇంకో చిన్న చిక్కు ఉంది. 1989లో నస్కల్‌లో ఒక పొడవాటి పన్ను దొరికింది. అది దక్షిణ అమెరికా, మడగాస్కర్‌లలో తెలిసిన గోండ్వానాథీర్ వర్గానిదని 1997లో ప్రకటించారు. పేరు పెట్టలేదు. 2007లో ఒకే జీవికి రెండు పేర్లు పుట్టాయి: భారత్‌థీరియం, దక్షిణ. కొన్ని జాబితాలు చదివినవాళ్లు రెండు జీవులున్నాయని మోసపోతారు. రెండు బృందాలు విడివిడిగా ఒకే జీవికి పేరు పెట్టాయి. ముందు అచ్చయిన భారత్‌థీరియం నిలిచింది. జీవి ఒకటే.

మరి ఈ పళ్లు క్రెటేషియస్‌వే అనడానికి సాక్ష్యం ఏమిటి? ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. పన్నును బట్టి పొరకు వయసు చెప్పి, పొరను బట్టి పన్నుకు వయసు చెబితే అది గుండ్రంగా తిరగడమే. పన్నుతో సంబంధం లేని సాక్షులు కావాలి. మొదటి సాక్షి ఆసిఫాబాద్ దగ్గరి పొర. అక్కడి నుంచి 1993లో వర్ణించిన ఇగ్డాబాటిస్ అనే టేకుచేప జాతి ఆఫ్రికాలోని నైజర్‌లో క్రెటేషియస్ చివరి పొరల్లోదే. రెండో సాక్షి కచ్‌లోని అంజార్. అక్కడ లావా పరుపుల నడుమ డైనోసార్ ఎముకలు దొరికాయి. లావా పారుతుండగా డైనోసార్లు బతికి ఉన్నాయని అది రుజువు చేస్తుంది, కాని అంజార్ నస్కల్ కాదు. ఈ రెండూ దారి చూపుతాయి, తీర్పు చెప్పవు. తీర్పుకు దగ్గరగా వచ్చింది 2022 వ్యాసం. నస్కల్ ఊరి పేరుతోనే ఇండోక్లెమెన్సియా నస్కలెన్సిస్ అనే కొత్త క్షీరదాన్ని ప్రకటించిన వ్యాసం అది. పళ్లను వర్ణించి ఊరుకోకుండా, పొరకు చుట్టూ ఉన్న లావా పరుపులు దక్కను వరసలో ఎక్కడివో తేల్చే పని కూడా చేసింది. నస్కల్ పొర గీతకు కిందనే, క్రెటేషియస్ చివరి అంచున పడింది. 1988 నాటి శీర్షిక నిలిచింది.

అయితే 1860 శీర్షిక పూర్తిగా పోయిందా? దీనికి జవాబు గోదావరి ఒడ్డున ఉంది. కొవ్వూరుకు పడమర పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు చుట్టూ నల్లరాతి క్వారీలు, క్రషర్లు ఉన్నాయి. అవతలి ఒడ్డున కాతేరులో కూడా అదే రాయి. పంగిడి దగ్గరి గుల్లల గురించి 1830లలోనే రాతలున్నాయి. ఇక్కడి మధ్య పొర చెరువుది కాదు, సముద్రపు అంచుది. అందులో ఫొరామినిఫెరా అనే సూక్ష్మ సముద్రజీవుల గుల్లలు దొరుకుతాయి. నత్తల్లా ఇవి నిదానంగా మారేవి కావు. గీత దగ్గర వీటిలో చాలా జాతులు ఒక్కసారిగా అంతరించి, కొత్తవి వచ్చాయి. కాబట్టి గీతకు ఏ వైపున ఉన్నామో ఇవి చెప్పగలవు. 2008లో కృష్ణా–గోదావరి బేసిన్ పొరల మీద వచ్చిన పరిశోధన, రాజమండ్రి మధ్య పొరలోని గుల్లలు గీత దాటిన వెంటనే వచ్చినవని తేల్చింది. అంటే ఆ పొర టెర్షియరీ మొదటిది. కింది లావా గీత దగ్గర ఆగింది, పై లావా ఆ తరువాత వచ్చింది. అదే సంవత్సరం వచ్చిన మరో వ్యాసం, ఈ లావా స్థానికంగా పుట్టింది కాదని, రసాయనాలను బట్టి పడమటి కనుమల పరుపులతో కలుస్తుందని, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని చెప్పింది.

1860 వ్యాసంలో రాజమండ్రి గుల్లలూ ఉన్నాయన్న సంగతి ఇప్పుడు గుర్తు చేసుకోవాలి. వాటి విషయంలో టెర్షియరీ అన్న మాట సరైనది. పోలిక ఆధారం బలహీనమైనదే అయినా మాట సరైనది. నస్కల్ విషయంలో క్రెటేషియస్ అన్న మాట సరైనది. నూటయాభై ఏళ్ల పోరులో రెండు పక్షాల చేతిలోనూ నిజమైన రాళ్లే ఉన్నాయి. తప్పు ఒక్కటే. లావా పరుపుల నడుమ ఉన్న పొరలన్నీ ఒకే వయసువని, ఒక ఊళ్లో తేల్చిన కాలం ఇంకో ఊరికి చెల్లుతుందని ఇద్దరూ అనుకున్నారు. నిర్మల్ నత్తకు, నస్కల్ పన్నుకు, దుద్దుకూరు గుల్లకు ఎవరి వయసు వారిది.

అందుకే చివరిగా ఒక విన్నపం. వికారాబాద్ కొండలకు, నస్కల్ వైపుకు వెళ్లేవారు సుత్తి పట్టుకెళ్లవద్దు. గట్టులో ఉన్న రాయిని పెకలించవద్దు. కనిపించింది ఉన్నచోటే ఫొటో తీయండి. దాని కింద ఏ పరుపు ఉందో, పైన ఏ పరుపు ఉందో అదే ఫొటోలో పడేలా చూడండి. ఊరి పేరు, మండలం, తేదీ రాసిపెట్టండి. జిల్లా పేరు ఎలాగూ మారవచ్చు. ఊరి పేరూ పొర వరసా లేని శిలాజానికి ఏ ప్రయోగశాలా వయసు చెప్పలేదు.